డిండోలి బడిపిల్లల మందూమాకూ

సూరత్ నగరానికి ఆగ్నేయాన, ఉధ్నా జంక్షన్ నుంచి జలగావ్ వైపు సాగే రైలుమార్గాన్ని ఆనుకుని ఉన్న డిండోలి, 2006 దాకా చోర్యాసీ తాలూకాలో ఒక గ్రామంగానే లెక్కలో ఉండేది. ఆ ఏడు సూరత్ నగరపాలక సంస్థ తన హద్దులను సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు పెంచుకున్నప్పుడు నగరంలో కలిసిన ఊళ్ళలో ఇదీ ఒకటి. అయితే ఊరు నగరంలో కలవక ముందే నగరపు జనం ఊళ్ళోకి వచ్చి చేరడం మొదలైంది. బట్టల మిల్లులకూ, మరమగ్గాలకూ, అద్దకపు కార్ఖానాలకూ పనికి వచ్చిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వాడల్లో అద్దెలు భరించలేక తూర్పుకు జరిగి, పొలాలను చదును చేసి వేసిన చిన్న చిన్న ప్లాట్లలో ఇళ్ళు కట్టుకున్నాయి. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఛఠ్ పూజకు ఇక్కడి సరోవరం గట్టున చేరే బీహారు, ఉత్తరప్రదేశ్ కుటుంబాలు, ఒడియా మగ్గం కార్మికులు, ఉత్తర తెలంగాణ జిల్లాల పద్మశాలీలు ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా స్థిరపడ్డారు. 2001లో 24 లక్షలు దాటిన సూరత్ జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటిందంటే, ఆ పెరుగుదలలో ఇటువంటి శివారుల వాటా చిన్నది కాదు.

ఇలాంటి చోట బడి ఈడు పిల్లల ఆరోగ్యాన్ని ఎవరు కనిపెట్టుకున్నారు, బడి వేళల్లో పడవలసిన మందు ఎవరి చేతి మీదుగా పడింది అన్న ప్రశ్నకు జవాబు ఒక్క డిండోలిలోనే వెతికితే దొరకదు. ఆ కథ బరోడా సంస్థానంలో మొదలై, మదనపల్లెను తాకి, ప్లేగు రోజుల సూరత్ మీదుగా ఇక్కడికి చేరుతుంది. ఆ దారి పొడుగునా ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభుత్వాలు బడిని ప్రధానంగా పిల్లలు గుంపుగా దొరికే చోటుగా చూశాయి. అందుకే అందరికీ ఒకే పరీక్ష, ఒకే టీకా, ఒకే బిళ్ళ అన్న పద్ధతి బలంగా వేళ్ళూనుకుంది, దానివల్ల జరిగిన మేలు కూడా గొప్పదే. నిత్యం మందు మీద బతికే ఒక్క బిడ్డ రోజుకు ఐదారు గంటలు గడిపే చోటు కూడా ఆ బడే అన్న ఎరుక మాత్రం చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా వచ్చింది.

భారతదేశంలో పాఠశాల ఆరోగ్య సేవకు వైద్యగ్రంథాలు చెప్పే తొలి సంవత్సరం 1909. ఆ ఏడు బరోడా నగరంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు జరిగాయి. అది అక్కడే మొదలవడం కాకతాళీయం కాదు. మహారాజా మూడవ సాయాజీరావు గాయక్వాడ్ 1893లో అమ్రేలీ ప్రాంతంలోనూ, 1906లో సంస్థానమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశాడు. బిడ్డను బడికి పంపి తీరాలని తల్లిదండ్రులను చట్టంతో కట్టడి చేసిన ప్రభుత్వం, ఆ బిడ్డ ఒంటి బాగోగులు తనకు పట్టవని చెప్పడం కష్టం. ఇంగ్లండులో కూడా ఇదే వరస కనిపిస్తుంది: 1880లో చదువు నిర్బంధమైంది, దక్షిణాఫ్రికా యుద్ధానికి సైన్యంలో చేరవచ్చిన యువకుల్లో ఎందరో దేహదారుఢ్యం లేక తిరస్కరణకు గురైన తరువాత 1907లో బడిపిల్లల వైద్య పరీక్షలకు చట్టం వచ్చింది. డిండోలి ఉన్న చోర్యాసీ తాలూకా బ్రిటిష్ సూరత్ జిల్లాలోది. దాని దక్షిణాన నవసారి, తూర్పున మరికొన్ని తాలూకాలు బరోడా ఏలుబడిలోనివి. రెండు ఏలుబడుల గ్రామాలు ఒకదానిలో ఒకటి చొచ్చుకుని ఉన్న ఈ సీమలో, పొలం గట్టు దాటితే నిర్బంధ విద్య ఉండేది, గట్టుకు ఇవతల ఉండేది కాదు.

ఆ కాలంలో ప్రపంచంలో పాఠశాల ఆరోగ్యానికి రెండు నమూనాలు ఉండేవి, ఆ రెంటి మధ్య తేడా ఈ చరిత్రకు కీలకం. జర్మనీలోని వీస్బాడెన్ పట్టణం 1896లో ఏర్పరచిన పద్ధతిలో వైద్యుడు బడికి వచ్చి పిల్లలను వరసగా పరీక్షించి, లోపాలను కార్డు మీద రాసి, తల్లిదండ్రులకు తెలియజేసి వెళ్ళేవాడు. న్యూయార్క్‌లో కూడా మొదట వైద్యులే వచ్చి కళ్ళకలక, గజ్జి, తలపేలు వంటి అంటు జబ్బులున్న పిల్లలను ఇంటికి పంపేసేవారు. పంపిన పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర ఏ వైద్యమూ అందక, వీధుల్లో తిరుగుతూ, బడికి తిరిగి రాలేదు. 1902లో అక్కడి ప్రజారోగ్య నర్సు లిలియన్ వాల్డ్ చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును బడులలో నియమించినప్పుడు, ఆమె అక్కడికక్కడే పుండ్లకు కట్టు కట్టి, కంట్లో మందు వేసి, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి తల్లులకు ఆ పని ఎలా చేయాలో చూపించింది. 1902 సెప్టెంబరులో పదివేలకు మించి ఉన్న బహిష్కరణలు ఏడాది తిరిగేసరికి పదకొండు వందల దరికి దిగాయి. వైద్యుడు జబ్బును కనిపెట్టాడు, నర్సు బిడ్డను బడిలో నిలబెట్టింది. భారతదేశం తన బడుల కోసం తీసుకున్నది మొదటి నమూనాను. రెండో నమూనా కొన్ని మిషనరీ, వసతిగృహ పాఠశాలలను దాటి సామాన్యుల బడికి రాలేదు. ఆ లోటు నేటికీ పూడలేదు.

1943లో నియమితమై 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ, దేశంలో పాఠశాల ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని, ఉన్నచోట కూడా ఎదుగుదల లేని స్థితిలో ఉన్నాయని తేల్చింది. స్వాతంత్ర్యం తరువాత 1952–53 నాటి సెకండరీ విద్యా సంఘం బడిపిల్లలకు క్రమబద్ధమైన వైద్య పరీక్షలు, తరువాతి చికిత్స ఉండాలని కోరింది. ఆ సంఘానికి అధ్యక్షత వహించిన ఆర్కాట్ లక్ష్మణస్వామి ముదలియార్ కర్నూలులో పుట్టిన ప్రసూతి వైద్యుడు కనుక, విద్యను గురించిన ఆ నివేదికలో ఆరోగ్యానికి చోటు దొరకడం సహజమే. 1960లో రేణుకా రే అధ్యక్షతన పాఠశాల ఆరోగ్య కమిటీ ఏర్పడి మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. ఈ మూడు నివేదికలూ దాదాపు ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పాయి, డబ్బు మాత్రం ఆ మాటల వెంట పెద్దగా నడవలేదు.

నివేదికలు నిదానంగా నడుస్తుండగా టీకాలు వేగంగా పరుగెత్తాయి. క్షయకు టీకా అయిన బీసీజీ భారతదేశంలో 1948లో ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడికి దగ్గరలోని ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి అప్పటికే దక్షిణాదిన పేరుపొందినది. 1949లో ఆ కార్యక్రమం దాదాపు అన్ని రాష్ట్రాల బడులకూ విస్తరించింది. బడినే ఎంచుకోవడానికి కారణం సులభమైనదే. హాజరుపట్టీలో పేర్లుంటాయి, గంట కొడితే వరసలో నిలబడతారు, మూడు రోజుల తరువాత చర్మ పరీక్ష ఫలితం చూడడానికి మళ్ళీ అక్కడే దొరుకుతారు. మశూచి టీకా నుంచి, 2018లో గుజరాత్‌లో 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు వారందరికీ వేసిన తట్టు–రుబెల్లా టీకా దాకా ఇదే తర్కం పనిచేసింది. అటువంటి రోజున ఉపాధ్యాయుడు చేయవలసినది పిల్లలను పోగుచేయడం, సూది భయం పోగొట్టడం, జాబితాలో గుర్తు పెట్టడం. వైద్య సిబ్బంది వెళ్ళిపోయాక ఆయనకు ఆ విషయంలో చేయడానికి ఇంకేమీ మిగలదు.

1852లో పురపాలక సంఘంగా ఏర్పడి 1966లో నగరపాలక సంస్థ అయిన సూరత్‌లో ప్రాథమిక బడులను నడిపేది నగర ప్రాథమిక శిక్షణ సమితి. దాని బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఒక పురపాలక వ్యవస్థ ఇన్ని భాషల్లో అక్షరాలు దిద్దించడం దేశంలో అరుదు, దానికి ఆ సంస్థను మెచ్చుకోవాలి. తెలుగు మాధ్యమం వెనుక ఉన్నది ప్రధానంగా పద్మశాలీల వలస: చేమగ్గం చితికిపోయిన కొద్దీ కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేతగాళ్ళు షోలాపూర్, భివండీలతో పాటు సూరత్ దారి పట్టారు. సిరిసిల్ల వైపు వాళ్ళు సాంచెలనే మరమగ్గాల మీద ఇక్కడ పన్నెండు గంటల షిఫ్టులు నడుస్తాయి. తండ్రి సాంచెల దగ్గర ఉంటే తల్లి ఇంటి దగ్గర చీరలకు దారాలు కత్తిరించడం, రాళ్ళు అతికించడం వంటి పని చేసి సంపాదిస్తుంది. బడిలో బిడ్డకు ఒంట్లో బాగాలేదని కబురు వస్తే షిఫ్టు మధ్యలో సాంచెలు వదిలి రావడమంటే ఆ పూట కూలి వదులుకోవడమే. ఈ ఆర్థిక సత్యాన్ని పక్కన పెట్టి డిండోలి బడుల ఆరోగ్య చరిత్రను అర్థం చేసుకోలేము.

1994 సెప్టెంబరులో సూరత్‌ను తాకిన ఊపిరితిత్తుల ప్లేగు ఈ వలస నగరాన్ని కుదిపివేసింది. మరణాలు యాభై దరిదాపుల్లోనే ఆగినా, భయంతో కొన్ని రోజుల్లోనే లక్షలాది మంది రైళ్ళలో, బస్సుల్లో ఊళ్ళకు తరలిపోయారు. బడులు మూతపడ్డాయి, టెట్రాసైక్లిన్ గొట్టాల కోసం జనం ఎగబడ్డారు. మరుసటి ఏడు నగర కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త ఎత్తివేతను, మురుగు కాలువలను, అధికారుల రోజువారీ క్షేత్ర పర్యటనలను ఒక దారికి తెచ్చిన తీరు ఆ తరువాత పాలనా పాఠమైంది. పిల్లల దృష్టితో చూస్తే అంతకంటే ముఖ్యమైన ఫలితం వేరొకటి ఉంది. జ్వరాల లెక్కను ఏ రోజుకారోజు వార్డుల వారీగా తెప్పించుకునే అలవాటు నగరపాలక సంస్థకు అబ్బింది, వాడల్లోని ఆరోగ్య కేంద్రం నగర పాలనలో ఒక ముఖ్యమైన అంగమైంది. 2006లో డిండోలి నగరంలో కలిసినప్పుడు దానికి దక్కినది ఈ వ్యవస్థే. గ్రామంగా ఉండగా పంచాయతీ వైద్యానికి ముడిపడి ఉన్న ఊరు, వార్డుగా మారి నగర ఆరోగ్య కేంద్రం కిందికి వచ్చింది.

గుజరాత్ ప్రభుత్వం ‘శాలా ఆరోగ్య’ పేరుతో బడిపిల్లల వైద్య పరీక్షలను రాష్ట్రవ్యాప్త కార్యక్రమంగా చేపట్టినది 1997లో. ఏటా వైద్య బృందం బడికి వచ్చి ఎత్తు, బరువు, చూపు, పళ్ళు, చర్మం, గుండె చప్పుడు పరీక్షించడం, చిన్న జబ్బులకు అక్కడే మందు ఇవ్వడం, పెద్ద జబ్బులున్న వారిని పై ఆసుపత్రికి పంపడం దాని పద్ధతి. ఇందులో నిజంగా గర్వించదగినది, గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ జబ్బులకు ఖరీదైన చికిత్సను కూడా ప్రభుత్వ ఖర్చుతో చేయించే ఏర్పాటు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉన్న పిల్ల, ఆడుకుంటూ త్వరగా అలసిపోతున్నదని ఇంట్లో వాళ్ళు అనుకునే పిల్ల, బడి పరీక్షలో బయటపడి అహ్మదాబాదులో శస్త్రచికిత్స దాకా వెళ్ళగలగడం మగ్గం కార్మికుడి కుటుంబానికి మరో దారిలో సాధ్యమయ్యేది కాదు. 2013 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, బాల్యపు జబ్బులు, ఎదుగుదలలో జాప్యాలు అనే నాలుగు వర్గాల్లో ముప్పై స్థితులను పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ళ దాకా గుర్తించాలని నిర్దేశించింది; ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు గల సంచార బృందం దానికి ఆధారం. గుజరాత్ తన పాత కార్యక్రమాన్ని దీనితో జోడించుకుంది. తెలుగునాట ఇదే కోవకు చెందిన ‘జవహర్ బాల ఆరోగ్య రక్ష’ 2010 నవంబరు 14న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది.

బడిలో మందు బిళ్ళ మింగించడం అనే ఆచారానికి గుజరాత్‌లో మరో వేరు కూడా ఉంది, అది మధ్యాహ్న భోజనం. 1984లో రాష్ట్రం బడి భోజనాన్ని మొదలుపెట్టింది. కడుపులో అన్నం పడ్డాక ఇనుము బిళ్ళ ఇస్తే వికారం తగ్గుతుంది కనుక, భోజనం గంట క్రమంగా మందు గంట కూడా అయింది. 2000 ప్రాంతంలో వడోదర జిల్లాలో ఉన్నత పాఠశాల బాలికలకు వారానికొక ఇనుము–ఫోలిక్ ఆమ్లం బిళ్ళ ఇచ్చి చూసిన ప్రయోగం ఈ విషయంలో దేశానికి దారి చూపిన వాటిలో ఒకటి: 17 నెలల్లో రక్తహీనత సుమారు 75 శాతం నుంచి 53 శాతానికి తగ్గింది. రోజూ బిళ్ళ ఇవ్వడం బడికి సాధ్యం కాని పని, వారానికొకసారి అయితే ఉపాధ్యాయురాలు నడిపించగలదని అది నిరూపించింది. 2012–13లో ఇది జాతీయ కార్యక్రమమైంది. ఐదు నుంచి పదేళ్ళ లోపు పిల్లలకు గులాబీ రంగు బిళ్ళ, ఆ పై వయసు వారికి నీలం రంగు బిళ్ళ ఇస్తారు. వయసును బట్టి మోతాదు మారుతుంది కనుక, మందుల పేర్లు చదవని వారికి కూడా తేడా తెలియడానికి రంగులు పెట్టారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గుజరాత్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలిందంటే, ఆ బిళ్ళ అవసరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

2015లో పదకొండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలై మరుసటి ఏడు దేశమంతటికీ పాకిన నులిపురుగుల నిర్మూలన దినం ఈ సామూహిక పద్ధతికి పరాకాష్ఠ. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ బిళ్ళను ఉపాధ్యాయుల కళ్ళెదుటే నమిలి మింగాలి. బిళ్ళను ఇంటికి ఇచ్చి పంపకూడదు, గొంతులో అడ్డుపడకుండా నమిలించాలి, మింగిన పేర్లకు పట్టీలో గుర్తు పెట్టాలి. తెలంగాణ ఇళ్ళలో నట్టల మందుగా తెలిసిన ఈ బిళ్ళను డిండోలి పిల్లలు వార్షికోత్సవంలా ఒకే పూట వేసుకుంటారు. ఈ కార్యక్రమపు మార్గదర్శకాల్లో ఒక నియమం ఉంది: ఆ రోజు జబ్బుగా ఉన్న బిడ్డకు, వేరే మందులు వాడుతున్న బిడ్డకు బిళ్ళ ఇవ్వకూడదు, కోలుకున్నాక మలివిడత రోజున ఇవ్వాలి. భద్రత కోసం పెట్టిన ఈ నియమం సరైనదే. కానీ దానిని చరిత్ర వెలుగులో చదివితే, బడి అంతా మందు మింగే రోజున పక్కన కూర్చోబెట్టబడేది నిజంగా మందు మీద ఆధారపడిన బిడ్డ అని తెలుస్తుంది. ఆ బిడ్డ వాడుతున్న మందేమిటి, ఎన్ని గంటలకు వేయాలి, వేయకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆ పట్టీలో గడి లేదు.

ఆ ఒంటరి బిడ్డ చరిత్రను జబ్బుల వారీగా చెప్పుకోవడమే మేలు, ఎందుకంటే ఒక్కో జబ్బు బడితో ఒక్కో విధంగా తలపడింది. క్షయ విషయంలో ఒక మేలిమలుపు ఉంది. 1990లలో గుజరాత్‌లోని మెహసాణా వంటి చోట్ల ప్రయోగంగా మొదలై 1997 నుంచి విస్తరించిన సవరించిన క్షయ నియంత్రణ కార్యక్రమం, రోగి ప్రతి మోతాదునూ మరొకరి ఎదుట మింగాలన్న పద్ధతిని తెచ్చింది; ఆ మరొకరు ఆరోగ్య కార్యకర్తే కానక్కరలేదు, నమ్మకస్తుడైన ఉపాధ్యాయుడైనా కావచ్చు. వారానికి మూడు రోజుల మోతాదు 2017 నుంచి రోజువారీ మోతాదుగా మారి, పిల్లలకు నీటిలో కరిగే బిళ్ళలు వచ్చాక ఈ పని మరింత ఇంటిదయింది. అయినా ఒకరి మందుకు మరొకరు సాక్షిగా ఉండవచ్చునని, ఆ సాక్షి వైద్యుడు కాకున్నా ఫరవాలేదని ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్న తొలి సందర్భాల్లో ఇది ఒకటి. కీళ్ళవాతం జ్వరం వల్ల గుండె కవాటాలు చెడిన పిల్లల సంగతి ఇంకో తీరు. గాలి ఆడని గదుల్లో కిక్కిరిసి బతికే కుటుంబాలలో గొంతునొప్పితో మొదలయ్యే ఈ జబ్బుకు, మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయించుకోవాలి. సూది బడిలో వేయరు. కానీ సూది రోజున బిడ్డ బడికి రాడు, నొప్పితో మరునాడు కూడా రాకపోవచ్చు. ఆ గైర్హాజరీని సోమరితనంగా లెక్కించే బడి, తెలియకుండానే ఆ బిడ్డను చదువుకూ సూదికీ మధ్య ఒకదాన్ని ఎంచుకోమంటున్నది.

దక్షిణ గుజరాత్‌కు ప్రత్యేకంగా చెప్పుకోవలసిన జబ్బు సికిల్ సెల్ రక్తహీనత. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో లోపపు జన్యువు వచ్చిన బిడ్డలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, తట్టుకోలేని ఒళ్ళునొప్పులు తెస్తాయి. చౌధరీ, గామిత్, వసావా, ధోడియా, హళపతి మొదలైన సముదాయాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సూరత్ చుట్టూ పనికి వచ్చి శివారుల్లో నివసించే వారిలో ఈ సముదాయాల వాళ్ళూ ఉన్నారు. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన తెలుగు వైద్యులకు ఈ జబ్బు కొత్తది కాదు. గుజరాత్ 2006లో దీని నియంత్రణకు ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది, 2023 జూలైలో జాతీయ నిర్మూలన ఉద్యమం మొదలైంది. ఫోలిక్ ఆమ్లం, హైడ్రాక్సీయూరియా బిళ్ళలు ఇంట్లో వేసుకోవచ్చు. బడిలో కావలసినవి వేరు. నీళ్ళు తక్కువైతే, ఒళ్ళు చల్లబడితే, అలవికి మించి పరుగెత్తితే నొప్పి దాడి చేస్తుంది కనుక, ఈ బిడ్డకు అడిగినప్పుడల్లా మంచినీళ్ళు తాగే అనుమతి, దాని వెంటే మూత్రానికి వెళ్ళే అనుమతి, ఎండలో కవాతు నుంచి మినహాయింపు కావాలి. ఖర్చు లేని ఈ మూడూ తరగతి గదిలో దొరకడం, ఖరీదైన మందు దొరకడం కన్నా కష్టమైన సందర్భాలున్నాయి. అరవై మంది పిల్లల గదిని అదుపులో పెట్టవలసిన ఉపాధ్యాయురాలిని దీనికి తప్పుపట్టడం న్యాయం కాదు; ఆమెకు ఆ బిడ్డ జబ్బు పేరు ఎవరైనా చెప్పారా అన్నది ముందు అడగవలసిన ప్రశ్న.

మందును బడి వేళల్లోనే వాడి తీరవలసిన జబ్బుగా మొదటి రకం మధుమేహం ఈ చర్చను ముందుకు తెచ్చింది. క్లోమంలో ఇన్సులిన్ ఊరడం ఆగిపోయే ఈ జబ్బు వచ్చిన పిల్లలు, 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ సూది పడేదాకా బతకలేదు. ఆ తరువాత బతుకు సూది వేళలకు ముడిపడింది. భోజనానికి ముందు సూది పడాలి, పడ్డాక భోజనం ఆలస్యం కాకూడదు, ఆటలు ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబాటు, చివరకు స్పృహ తప్పడం దాకా పోవచ్చు. ఆ క్షణంలో కావలసినది ఒక చెంచా చక్కెర లేదా గ్లూకోజు. తరగతిలో తినకూడదన్న క్రమశిక్షణా నియమం ఇక్కడ ప్రాణాంతకమవుతుంది. 2017లో సీబీఎస్ఈ ఈ పిల్లలు పరీక్ష గదిలోకి చక్కెర బిళ్ళలు, పండ్లు, నీళ్ళు తీసుకువెళ్ళడానికి అనుమతించింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం, బడి వేళల్లో చక్కెర పరీక్ష చేసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, వైద్యుడు చెప్పిన వేళకు చిరుతిండి తినడానికి ఈ పిల్లలను అనుమతించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇన్సులిన్ కనుగొన్న నూరేళ్ళకు, బడిలో దానిని వాడుకోవచ్చునన్న మాట దేశవ్యాప్తంగా అధికారికంగా వినిపించింది. అది కూడా అనుమతి వరకే. చిన్న తరగతి బిడ్డకు ఆ సూది ఎవరు వేయాలి అన్నది ఆ బడి, ఆ కుటుంబం తేల్చుకోవలసిన విషయంగానే ఉండిపోయింది.

చట్టం ఈ లోపు కొంత దారి వేసింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బు చేరాయి. కాబట్టి ఆ పిల్లలకు బడిలో సహేతుకమైన సర్దుబాట్లు అడిగే హక్కు ఏర్పడింది. 2017 నాటి హెచ్ఐవీ–ఎయిడ్స్ చట్టం చదువులో వివక్షను నిషేధించి, జబ్బు సంగతి గోప్యంగా ఉంచే హక్కును ఇచ్చింది. ఈ రెండో చట్టం పాఠశాల ఆరోగ్యంలోని ఒక లోతైన చిక్కును బయటపెడుతుంది: బిడ్డకు సాయం చేయాలంటే బడికి జబ్బు తెలియాలి, బడికి తెలిస్తే వాడకంతటికీ తెలిసే ప్రమాదం ఉంది. ఇరుకు సందుల్లో ఇంటి గోడలు కలిసి ఉండే డిండోలి వంటి చోట, మూర్ఛ ఉన్న ఆడపిల్ల సంగతి రేపటి పెళ్ళి మాటల దాకా పోతుందని తల్లి భయపడడం సహజం. అందుకే ఎన్నో ఇళ్ళలో మూర్ఛ బిళ్ళ తెల్లవారగానే ఒకటి, రాత్రి ఒకటి పడుతుంది, బడికి ఒక్క మాటా చేరదు. ఎప్పుడైనా తరగతిలో ఫిట్స్ వస్తే, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని తెలియని వారు తాళాల గుత్తి కోసం వెతుకుతారు.

భాష ఈ చిక్కును ఇంకా ముడివేస్తుంది. పరీక్ష బృందం రాసే కాగితం గుజరాతీలో, ఆసుపత్రి చీటీ ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలంగాణ తెలుగులో ఉంటాయి. తెలుగు మాధ్యమపు బడిలో చదివే బిడ్డ తల్లి, ఉపాధ్యాయురాలితో సొంత మాటలో ‘గోలీ అన్నం తిన్నంక ఎయ్యాలె టీచరమ్మా’ అని చెప్పుకోగలదు. అదే బిడ్డ గుజరాతీ లేదా ఇంగ్లీషు మాధ్యమానికి మారితే, ఆ ఒక్క వాక్యం చెప్పడానికి పొరుగింటి పిల్లను వెంట తీసుకువెళ్ళాలి. మాతృభాషా మాధ్యమం చదువు కోసం మంచిదా కాదా అన్న వాదం ఎంతో కాలంగా నడుస్తున్నది. బిడ్డ ఆరోగ్యం విషయంలో దాని విలువను మాత్రం ఆ వాదంలో ఎవరూ తగినంతగా లెక్కకట్టలేదు.

2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను, వీలైతే ఒక పురుషుణ్ణీ ఒక స్త్రీనీ, ఆరోగ్య రాయబారులుగా తర్ఫీదు చేయాలని చెప్పింది. పోషణ, పరిశుభ్రత, మానసిక క్షేమం మొదలైన పదకొండు అంశాలపై పాఠాలు చెప్పడం వారి ప్రధాన విధి. బడిలో ఆరోగ్యానికి పేరుపెట్టి ఒక మనిషి ఏర్పడడం న్యూయార్క్ నర్సు తరువాత నూటపద్దెనిమిదేళ్ళకు జరిగిన పని. అయితే ఈ మనిషి పూర్తికాలపు ఉపాధ్యాయుడే, మందుల పెట్టె అతని చేతికి రాలేదు.

వలస కుటుంబపు బిడ్డకు మరో ఇబ్బంది ఉంది. దసరా బతుకమ్మలకు, పెళ్ళిళ్ళకు, వేసవి సెలవులకు, ఒక్కోసారి సాంచెలు ఆగిపోయి పని లేనప్పుడు నెలల తరబడి, డిండోలి తెలుగు కుటుంబాలు సిరిసిల్ల, జగిత్యాల, జనగామ వైపు వెళ్ళి వస్తాయి. బడి పరీక్షలో రాసిన కార్డు గుజరాత్‌ది, అక్కడి ఆసుపత్రి రాసిన చీటీ తెలంగాణది. ఒకరు మార్చిన మోతాదు మరొకరికి తెలియదు. క్షయకు మాత్రం 2012 నుంచి నిక్షయ్ అనే జాతీయ నమోదు ఉంది, అందులో రోగిని ఒక జిల్లా నుంచి మరో రాష్ట్రపు జిల్లాకు అప్పగించే వీలుంది, ఊరు మారిన బిడ్డకు కొత్త చోట మందు సిద్ధంగా ఉండేలా అక్కడి కార్యకర్తకు కబురు అందుతుంది. మూర్ఛకు, ఉబ్బసానికి, కవాటాల జబ్బుకు ఇటువంటి అప్పగింత లేదు కనుక, సెలవుల తరువాత జూన్‌లో బడి తెరిచినప్పుడు ఆ బిడ్డల మందు వివరాలు బడికి చేరడం, చేరకపోవడం, తల్లి ఏ షిఫ్టు మనిషో, టీచరమ్మ ఏ భాష మనిషో అన్నదాన్ని బట్టే తేలుతున్నది.